కొక్కెం వెనక తుప్పు

ఉప్పుగాలి తగిలే ఊళ్ళల్లో పెరిగినవాళ్ళకి తుప్పు గురించి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. మా బరంపురానికి గోపాలపూర్ సముద్రం పదిహేను, పదహారు కిలోమీటర్లు. ఆ ఒడ్డున ఇల్లు కట్టుకున్నవాళ్ళ కిటికీ ఊచలు ఎన్నిసార్లు రంగు వేసినా మూడో వర్షాకాలానికి ఎర్రనీళ్ళు కారుస్తూ ఉంటాయి. యానాంలోనూ, చెన్నైలోనూ, ముంబయిలోనూ ఉంటున్న మన సభ్యులకి ఇది రోజూ కళ్ళపడే సంగతే. పాంబన్ దగ్గర సముద్రం మీద 1914లో ప్రారంభమైన రైలు వంతెన నూరేళ్ళు దాటి పనిచేసింది. 2022 డిసెంబరులో దాని మీద రైళ్ళు ఆపేశారు, పక్కనే కట్టిన కొత్త వంతెన 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. అన్నేళ్ళపాటు ఆ పాత వంతెనకి రంగుడబ్బా పట్టుకుని కాపలా కాసిన కూలీల పేర్లు ఏ శిలాఫలకం మీదా ఉండవు గాని, ఉప్పునీటి మీద ఇనుము అంతకాలం నిలబడిందంటే అది వాళ్ళ చలవే.

అయితే నేను చూసినవాటిల్లోకెల్లా ముదురు తుప్పు సముద్రం పక్కన చూసింది కాదు. సముద్రానికి కొన్ని వందల మైళ్ళ దూరంలో, మంచినీళ్ళ సరస్సు ఒడ్డున చూసింది.

2024 అక్టోబరులో సెలవు పెట్టి నేనూ, మా ఆవిడా అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఉంటున్న మా బావమరిది ఇంటికి వెళ్ళాం. క్లీవ్‌లాండ్ నగరానికి దగ్గర. ఆ ప్రాంతంలో చలికాలం రోడ్ల మీద మంచు గడ్డకడుతుంది. గడ్డ కరగడానికీ, అసలు కట్టకుండా ఉండడానికీ రోడ్లకి ఉప్పు చల్లుతారు. కొన్నిచోట్ల మంచు పడకముందే చిక్కటి ఉప్పునీళ్ళు పిచికారీ కొడతారు. అమెరికా మొత్తం మీద ఇలా రోడ్ల పాలయ్యే ఉప్పు ఏడాదికి కోటి టన్నులకి పైమాటే. క్లీవ్‌లాండులో అయితే ఏరీ సరస్సు అడుగున, సుమారు 1800 అడుగుల లోతున పెద్ద ఉప్పుగనే ఉంది. మన గంజాం జిల్లాలో హుమ్మా ఉప్పుమళ్ళల్లో ఎండలో నిలబడి గోకి తీసే సరుకుని వాళ్ళు భూమిలోంచి తవ్వి తీసి, లారీలకెత్తి, రోడ్డుకి పోస్తారు. అది బురదనీళ్ళతో కలిసి చక్రాల కిందనుంచి చిమ్మి, బండి అడుగుభాగమంతా పూత పూస్తుంది. నాలుగైదు నెలలు ఇదే వరస. సముద్రపు గాలి మన బళ్ళని పక్కనుంచి తాకుతుంది. అక్కడ ఉప్పునీళ్ళతో కిందనుంచి అభిషేకం.

మా బావమరిదికి ఒక పికప్ ట్రక్కు ఉంది. ముందు మనుషులు కూర్చునే గది, వెనక సామాను తొట్టి. మన బొలేరో పికప్ వంటిదే, ఇంకా భారీగా ఉంటుంది. దాని వెనక ట్రైలరు తగిలించుకోవడానికి ‘హిచ్’ అనే సరంజామా ఒకటి ఉంటుంది. హిచ్ అంటే ఏమీ లేదు, బంపరు కింద అడ్డంగా ఒక ఉక్కు దూలం. దాని రెండు చివరలా ఉన్న పలకల్ని చాసిస్ పట్టీలకి బోల్టులతో బిగిస్తారు. దూలం మధ్యలో రెండంగుళాల చదరపు గొట్టం. ఆ గొట్టంలోకి బంతి ఉన్న కడ్డీ దూర్చి అడ్డంగా పిన్ను వేస్తే, ఆ బంతి మీద ట్రైలరు మూతి వచ్చి కూర్చుంటుంది. మన ట్రాక్టరుకి ట్రాలీ తగిలించే కొక్కెం చేసే పనే ఇదీనూ.

అంతకుముందు ఏడాది ఎవరో వెనకనుంచి గుద్దితే బంపరు మార్చవలసి వచ్చిందట. షెడ్డువాళ్ళు హిచ్ విప్పి, బోల్టులు ఒక సంచీలో పోసి ఇచ్చారు. తిరిగి బిగించే తీరిక లేక అది గరాజులో గోడకి ఆనించి ఉండిపోయింది. ఇప్పుడు అవసరం వచ్చిపడింది. మా ఆవిడ మేనకోడలికి కొలంబస్ నగరంలో కొత్తగా ఉద్యోగం. అక్కడికి సుమారు 140 మైళ్ళు. మంచం, బీరువా, పుస్తకాల అలమర, వంటసామాను అన్నీ ట్రైలరులో వేసుకుని వెళ్ళాలి. ట్రక్కు తోలేది మా బావమరిది. ట్రైలరు వెనకాలే కార్లో వచ్చేది ఆ పిల్లా, వాళ్ళమ్మా.

“బావా, శనివారం పొద్దున్నే మొదలెడితే భోజనాల వేళకి అయిపోతుంది. ఆరు బోల్టులే కదా!” అన్నాడతను.

“ఏదీ, నన్నోసారి చూడనీ. తనిఖీ రిపోర్టు లేకుండా శాంక్షన్ లేదు,” అన్నాను.

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి, మెకానిక్కుని కాను. కాని వ్యవసాయ రుణాల మీద ఊళ్ళు తిరిగినప్పుడు ఎన్నో ట్రాక్టర్ల కిందకి వంగి చూశాను. తాకట్టు బండి తనిఖీ అంటే చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి, పెన్సిలు రుద్ది, అచ్చు తీసుకోవాలి. సముద్రం వారనున్న పల్లెల్లో ఆ అచ్చు సరిగ్గా రాని బళ్ళు నాకు తగిలాయి. అంకెల్ని తుప్పు తినేసి ఉండేది. అప్పటినుంచీ ఇనుము పైరంగు చూసి దాని ఆరోగ్యం నిర్ణయించడం మానుకున్నాను.

ఇక్కడా అంతే. బయటికి కనబడే చాసిస్ మీద నల్లరంగు చాలావరకు బాగానే ఉంది. హిచ్ పలక ఆనుకుని ఉన్న చోటు మాత్రం తుప్పు పొరలు పొరలుగా, మడతకాజాలాగ లేచి ఉంది. బోల్టులు దూరే కన్నాల చుట్టూ మరీను. అలా ఎందుకంటే, రెండు ఇనుప పలకలు ఒకదానికొకటి ఆనుకున్న సందులోకి ఉప్పునీరు పాకుతుంది గాని తొందరగా ఆరదు. ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది, నీటిలో విద్యుత్తు పారడానికి దారి ఇస్తుంది. పైగా సందు లోపల గాలి తక్కువ, అంచున ఎక్కువ. ఈ తేడాతోనే అక్కడొక చిన్న బ్యాటరీ తయారై, గాలి అందని లోపలి ఇనుము కరుగుతుంది. ఇనుము తుప్పయితే తానున్న చోటు చాలక రెండింతలూ, అంతకు మించీ ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకి బిగించిన పలకలు కూడా ఎడమవుతాయి. సందు పెరుగుతుంది, ఇంకా నీళ్ళు దూరతాయి. పాత మేడల్లో శ్లాబులోని ఇనుపచువ్వ ఉబ్బి సిమెంటు పెచ్చులు రాలేది కూడా ఈ ఉబ్బు వల్లే.

చాసిస్ తుప్పు ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. అమెరికాలో కొన్ని సంవత్సరాల టకోమా, టుండ్రా పికప్పులకీ, సెకోయా బళ్ళకీ చాసిస్‌లు తుప్పుపట్టి పోతున్నాయని యజమానులు కోర్టుకెక్కితే, 2016లో టయోటా కంపెనీ 340 కోట్ల డాలర్ల వరకూ ఖర్చయ్యే రాజీకి ఒప్పుకుంది. మా బావమరిది బండి ఆ కంపెనీది కాదులెండి. సంగతేమిటంటే, హిచ్ ఎంత గట్టిదైనా అది పట్టుకు వేలాడేది చాసిస్‌ని. హామీదారు దివాలా తీశాక హామీపత్రం ఎంత మందపాటి కాగితం మీద రాస్తే ఏం లాభం?

అందుకని ముందు తుప్పు పొరలు ఉలితో రాల్చి, తీగబ్రష్షుతో రుద్ది, మెరిసే లోహం కనబడేదాకా శుభ్రం చేశాం. అప్పుడు చిన్న సుత్తితో అంగుళం అంగుళం కొట్టి చూశాం. కుండ కొనేటప్పుడు వేలితో మీటి చూసినట్టే. గట్టి ఉక్కు ఠంగుమంటుంది, లోపల తినేసినది దబ్‌మంటుంది. కుడిపక్క అంతా ఠంగుమంది. ఎడమపక్క వెనక కన్నం దగ్గర శబ్దం తేడాగా ఉంది. నా చెవికీ, అతని చెవికీ కూడా. స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచాం, దిగలేదు. దిగలేదు గదా అని వదిలెయ్యడానికి నా మనసొప్పలేదు. ఆ శనివారానికి పని ఆపించేశాను. మా బావమరిది మొహం గంటుపెట్టుకున్నాడు. వాళ్ళావిడ మాత్రం నాకు ఇంకో రెండు గారెలు వడ్డించింది.

సోమవారం బండిని ఊళ్ళో ఒక పెద్ద వయసు మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన బండిని పైకి ఎత్తి, దీపం వేసి, లోపలి వైపు అద్దం పెట్టి చూశాడు. చాసిస్ మందం ఉంది, పైపైన గుంటలు పడ్డాయి తప్ప బలం పోలేదు, తేడా శబ్దం లోపల పేరుకున్న తుప్పు చెత్తది అన్నాడు. నీళ్ళు పోయే కన్నం మూసుకుపోయి అక్కడ చెత్త చేరిందట. గొట్టంతో గాలి కొడితే దోసెడు ఎర్రపొడి రాలింది. మళ్ళీ కొట్టి చూస్తే ఠంగుమంది. సంచీలోని బోల్టుల్ని మాత్రం ఆయన ముట్టుకోకుండానే చెత్తబుట్ట చూపించాడు.

శుభ్రం చేశాక ఏమి పూయాలన్నది తర్వాతి మాట. ఊడిరాని సన్నటి తుప్పు మరకలు గుంటల్లో మిగిలిపోతాయి. వాటి మీద రాయడానికి తుప్పుని మార్చే మందు అని సీసాల్లో అమ్ముతారు. అతను తెచ్చిన సీసా మీద చూస్తే అందులో ముఖ్యమైన సరుకు టానిక్ ఆమ్లం. రాసిన కాసేపటికి ఎర్రటి మరక నల్లగా మారింది. చూడగానే నవ్వొచ్చింది. ఇది మన కరక్కాయ విద్యే కదా! పూర్వం కరక్కాయ కషాయంలో అన్నభేది వేసి రాతసిరా చేసుకునేవారు. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాళ్ళు తుప్పుపట్టిన ఇనుపముక్కల్ని బెల్లం నీళ్ళల్లో పులియబెట్టి, ఆ నీళ్ళతో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీస్తే గీత నల్లగా తేలుతుంది. కరక్కాయలో ఉన్నదీ ఆ టానిన్ల జాతే. ఇనుముతో కలిసి నీటికి కరగని నల్లపదార్థం అవుతుంది. సీసా ఖరీదు చూశాక మా ఆవిడ, “నాలుగు కరక్కాయలు తెచ్చి ఉంటే పోయేది,” అంది. అంత సులువు కాదనుకోండి. సీసాలో పొర కట్టడానికి జిగురు కూడా కలుపుతారు. ఒకటి గుర్తుంచుకోవాలి, ఈ మందు అంటిపెట్టుకున్న పలుచని తుప్పుకే. పెచ్చులు లేచిన తుప్పు మీద పోస్తే పైన నల్లబడుతుంది, అడుగున తినేది తింటూనే ఉంటుంది.

అది ఆరాక జింకు కలిపిన ప్రైమరు, దాని మీద నల్లరంగు రెండు పూతలు. ఇనుముతో తగిలి ఉన్న జింకు, ఉప్పునీటిలో ముందు తాను కరిగి ఇనుముని కాపాడుతుంది. ఫ్రాన్సులో సోరెల్ అనే ఇంజనీరు 1837లో ఇనుముని కరిగిన జింకులో ముంచే పద్ధతికి పేటెంటు తీసుకున్నది ఈ గుణాన్ని నమ్ముకునే. మన ఇళ్ళ మీది రేకులూ, నీళ్ళ బకెట్లూ దాని సంతానమే. మా బ్యాంకు జామీనుదార్లని చూసి చూసి ఉన్న నాకు జింకంటే మహా గౌరవం. అప్పుదారు కంటే ముందు తానే వచ్చి కట్టే జామీనుదారుణ్ణి ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్కణ్ణి చూడలేదు!

చాసిస్ పట్టీల లోపలి డొల్ల వైపు బ్రష్షు వెళ్ళదు. అక్కడికి సన్నటి గొట్టంతో మైనం వంటి ద్రవం కొట్టారు. కొందరు గొర్రె ఉన్ని నుంచి తీసే లానొలిన్ కొవ్వు కలిపిన నూనె వాడతారు. ఇవి ఎండి పెళుసెక్కవు కాబట్టి చీలికలు రావు, గీత పడినా మళ్ళీ పాకి కప్పుకుంటాయి. కాని నీళ్ళ తాకిడికి కొట్టుకుపోతాయి, ఏటా చలికాలం ముందు మళ్ళీ కొట్టాలి. రబ్బరులాంటి మందపాటి పూత ఒకటి ఉంది. చూడ్డానికి దిట్టంగా ఉంటుంది గాని ఒకచోట చీలితే లోపల నీళ్ళు పట్టి, బయటికి తెలియకుండా కుళ్ళబెడుతుంది. మెకానిక్కు దాన్ని వద్దన్నాడు. ఏది కొట్టినా బ్రేకు పలకల మీద పడకూడదు, నీళ్ళు పోయే కన్నాలు మూసుకుపోకూడదు.

ఇక బోల్టులు. మా బావమరిది స్టెయిన్‌లెస్ స్టీలువి వేద్దామన్నాడు, తుప్పు పట్టవని. మెకానిక్కు ఒప్పుకోలేదు. మామూలుగా దొరికే స్టెయిన్‌లెస్ బోల్టుకి హిచ్‌కి కావలసినంత బలం ఉండదు, పైగా ఉప్పునీటిలో తాను మెరుస్తూ పక్కనున్న మామూలు ఇనుముని తినిపిస్తుంది. బోల్టు తల మీద అంకెలుంటాయి చూడండి, 8.8 అనీ, 10.9 అనీ. అవి అలంకారం కాదు. మొదటి అంకెని వందతో హెచ్చవేస్తే తెగే బలం మెగాపాస్కల్సులో, రెండోది అందులో ఎన్ని పదోవంతుల దగ్గర బోల్టు సాగి తిరిగి రాకుండా పోతుందో చెబుతుంది. అంగుళాల లెక్క బోల్టుల మీద అంకెలకి బదులు గీతలుంటాయి, అందులో ఎనిమిదో శ్రేణికి ఆరు గీతలు. హిచ్ తయారుచేసినవాళ్ళు ఏ శ్రేణి చెబితే ఆ శ్రేణే కొనాలి. కన్నం సరిపోలేదని చాసిస్ తొలవడం, వెల్డింగు చుక్కలు పెట్టడం చెయ్యకూడదు.

కొన్ని బోల్టులు డొల్ల పట్టీ లోపలినుంచి బయటికి రావాలి. అక్కడికి చెయ్యి పట్టదు. పెద్ద కన్నంలోంచి స్ప్రింగులా చుట్టిన తీగ దూర్చి, బోల్టు దూరవలసిన కన్నంలోంచి లాగి, అవతలి చివర బోల్టు మరకి చుట్టి మెల్లిగా వెనక్కి లాగుతారు. లంగాకి బొందు ఎక్కించడమే! మా ఆవిడ పక్కన నిలబడి “అలా లాగకు, పక్కకి తిప్పు” అని తమ్ముడికి పాఠం చెప్పింది. నాలుగూ ఆవిడ చెప్పినట్టే వచ్చాయి. హిచ్ బరువు ముప్ఫై, నలభై పౌండ్లు పైనే ఉంటుంది కాబట్టి జాకీ మీద నిలబెట్టి, అన్ని బోల్టులూ చేతితో పట్టించాకే ఒక్కొక్కటీ బిగించాం.

బిగింపు కూడా చేతి అందాజు పని కాదు. ఎంత బలంతో తిప్పుతున్నామో చూపించే టార్క్ రెంచి ఉంది. హిచ్‌తో వచ్చే కాగితంలో ఎంతకి బిగించాలో రాసి ఉంటుంది. ఇందులో ఒక మెలిక ఉంది. తుప్పు రాకుండా మరకి గ్రీజు రాయాలనిపిస్తుంది. రాస్తే మర జారుడుగా తిరిగి, రెంచి మీద అంకె అదే చూపిస్తున్నా బోల్టు ఎక్కువ సాగుతుంది. కాగితంలో పొడి మరకి లెక్క ఇస్తే పొడిగానే బిగించాలి. మేం అలాగే బిగించి, బయటికి కనిపించే నట్లమీద, మర చివరలమీద తర్వాత మైనం కొట్టాం.

బయలుదేరే రోజు సామాను ఎక్కించడంలో మళ్ళీ చిన్న వాదన జరిగింది. బీరువా ముందు ఎక్కిస్తే తర్వాత దించడం కష్టమని దాన్ని వెనక పెడదామన్నారు. ట్రైలరు బరువులో పదోవంతు నుంచి ఆరున్నోరవంతు దాకా, అంటే నూటికి పది నుంచి పదిహేను పాళ్ళు, బంతి మీద పడాలి. రెండువేల పౌండ్ల బరువుకి రెండు నుంచి మూడు వందల పౌండ్లన్నమాట. అంతకు తగ్గితే వేగంలో ట్రైలరు తోక ఊపడం మొదలెడుతుంది. బీరువా ఇరుసుకి కాస్త ముందుకి జరిగింది. బంతి కొలత ట్రైలరు మూతి కొలతకి సరిపోయిందో లేదో చూశాం. రెండంగుళాల మూతి కొంచెం చిన్న బంతి మీద కూడా కూర్చుంటుంది, గతుకులో లేచిపోతుంది. రక్షణ గొలుసులు రెండూ ట్రైలరు మూతి కిందుగా అడ్డంగా దాటించి తగిలించాం. బంతి ఊడినా మూతి రోడ్డుకి గుచ్చుకోకుండా ఆ ఉయ్యాలలో పడుతుంది. బండి, హిచ్, బంతి, మూతి, గొలుసు ఇన్నింటిలో దేని మోత తక్కువో మొత్తం మోత అంతే. ఎంతమంది సంతకం పెట్టినా మంజూరు అధికారం చిన్న ఆఫీసరుదే అయినట్టు.

యాభై మైళ్ళు పోయాక రోడ్డు పక్క విశ్రాంతి స్థలంలో ఆపి రెంచి వేసి చూశాం. రెండు బోల్టులు కొంచెం తిరిగాయి. కొత్త రంగు నలిగి సర్దుకుంటే అంత మామూలేనట. కారులోంచి దిగిన పిల్ల, “ఏం మావయ్యా, ఇంకా తనిఖీయేనా?” అంది.

తిరిగి వచ్చాక నాకు మన ట్రాలీలే ఎక్కువగా కళ్ళకి కడుతున్నాయి. వెనక ఒక సంఘటన జరిగింది. మా బ్రాంచి అప్పుతో కొన్న ట్రాక్టరు ఇటుకల ట్రాలీతో మెరక ఎక్కుతుండగా పిన్ను తెగి, ట్రాలీ వెనక్కి దొర్లి ఒక పాక గోడని కూల్చింది. మిట్టమధ్యాహ్నం కాబట్టి ఆ అరుగు మీద ఎవరూ లేరు. సాయంత్రమైతే పిల్లలు కూర్చునే అరుగది. తెగిన పిన్ను నేను చేత్తో పట్టుకు చూశాను. తల దగ్గర బొటనవేలంత లావు, కన్నంలో కూర్చునే చోట చిటికెనవేలంత. సగం అరుగుదల, సగం తుప్పు. పైనుంచి చూస్తే ఏ లోపమూ లేదు. పుస్తకాల్లో బండి మీద తరుగుదల ఏటా నూటికి పదిహేను చొప్పున రాసుకుంటూ పోతాం. తుప్పుకి ఆ లెక్క తెలియదు. కొన్నేళ్ళు ఏమీ రాయదు, తర్వాత ఒక్క పద్దులో అంతా కొట్టేస్తుంది.

మన ఊళ్ళల్లో పొలాలూ, ట్రాక్టర్లూ ఉన్న సభ్యులు చాలామందే. జూన్ వానలకి ముందు ఒక పూట వెచ్చించి ట్రాలీ విప్పండి. పిన్ను పూర్తిగా బయటికి లాగి, మధ్యలో నడుము ఎక్కడైనా సన్నబడిందేమో చూడండి. సన్నబడితే సానపట్టకండి, పారెయ్యండి. తెగిన కడ్డీముక్కో, పాత బోల్టో పిన్ను బదులు వెయ్యకండి. కింద క్లిప్పు తప్పనిసరి, బైండింగు తీగ క్లిప్పు కాదు. కన్నం గుడ్డు ఆకారంలో సాగిపోయి ఉంటే వెల్డరు చేత పలక మార్పించాలి. కొక్కెం బోల్టుల వెనక పలక విప్పి, తీగబ్రష్షు కొట్టి, రెడ్ ఆక్సైడు పూసి, ఆరాక రంగు వేసి, పిన్నుకి గ్రీజు పెట్టండి. వాడేసిన ఇంజను ఆయిలు పూసే అలవాటు చాలామందికి ఉంది. అది దుమ్ము పట్టుకుని తడి నిలుపుతుంది, కారి మడిలో పడుతుంది. ఉప్పుమళ్ళ వైపు, చేపల చెరువుల వైపు తిరిగిన బండికి ఇంటికి రాగానే కిందనుంచి మంచినీళ్ళు కొట్టాలి.

ట్రాలీలో మనుషుల్ని ఎక్కించకూడదని చట్టం. జాతరకీ, పెళ్ళికీ మనవాళ్ళు ఎక్కిస్తూనే ఉన్నారు. ఈసారి అలాంటి ట్రాలీ మీ వీధిలో ఆగినప్పుడు ఒకసారి వంగి ఆ పిన్ను వైపు చూడండి. డ్రైవరు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.